తేనెబండి కింద

వీపు కింద పరిచిన అట్ట ఎప్పుడో జిడ్డు పీల్చి మెత్తబడిపోయింది, నేల చల్లదనం దాన్ని దాటుకుని భుజాల్లోకి పాకుతోంది, ముఖానికి జానెడు ఎత్తులో ఉన్న వ్యాను అడుగురేకు మాత్రం వెచ్చగా ఉంది, ఆ రేకుకు అవతల తేనెటీగలు. వాటి చప్పుడు చెవికంటే ముందు పళ్లకు తెలుస్తోంది ఆమెకు. నోరు మూసుకుంటే దవడలో సన్నగా మోగుతోంది, తెరిస్తే ఆగిపోతోంది. పెట్టెపెట్టెకీ ఒక ఊరంత జనం ఉంటారమ్మా అన్నాడు తేనె పెద్దాయన, అంటే ఊళ్లకు ఊళ్లు నా గుండెల మీద కూర్చున్నాయన్నమాట అనుకుని, నవ్వు రాబోతే ఆపుకుని, చేతిలోని దీపాన్ని మళ్లీ ఆ బోల్టు మీదికి తిప్పింది. అది బోల్టని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. తెలియనివాళ్లకు అదొక తుప్పుగడ్డ, బురదా నీళ్లూ ఏళ్ల తరబడి తాగి తాగి చుట్టూ ఉన్న ఇనుముతో ఏకమైపోయిన గడ్డ. బరువు మోసే కమాను ముందు కొసను బండి చట్రానికి పట్టి ఉంచేది అదొక్కటే. కమాను పట్టీ విరిగింది, అలాంటిదే మంచిది గోడకు వేలాడుతోంది, వెనక కొస తేలిగ్గానే ఊడింది, నడిమి కట్లు ఈ మధ్యే ఎవరో మార్చినట్టున్నారు, అవీ వచ్చేశాయి. ఇదొక్కటే మొండికేసింది. తుప్పు వదిలే నూనె పోసి నానబెట్టింది, నానేదాకా చేసేదేమీ లేదు, వెల్లకిలా పడుకుని ఆ మోత వినడం తప్ప.

పొద్దున షెడ్డు తలుపు తీసేసరికే వ్యాను వాకిట్లో ఉంది, వెనక ఎడమపక్క కూలబడిపోయి. పెద్దాయన బండి పక్కనే నిలబడి, తడిబట్టతో కిటికీ జాలీలు తుడుస్తున్నాడు. కమాను విరిగింది తల్లీ, దారంతా ఈడ్చుకుంటూ తెచ్చాను, మెకానిక్ గారు లేరా అన్నాడు. లోపలున్నారు, ఒంట్లో బాగాలేదు, నేను చూస్తాను బాబాయ్ అంది. ఆ మాట అన్నాక వచ్చినవాళ్ల చూపులు ఎలా తిరుగుతాయో ఆమెకు అలవాటైపోయింది, ముందు ఆమె చేతుల మీదికి, అక్కణ్నుంచి గోడ మీది స్పానర్ల మీదికి, చివరికి వీధి మలుపు మీదికి, అక్కడ ఇంకో షెడ్డుంది. ఈయన చూపు మాత్రం ఎటూ పోలేదు. “ఎవరు చూస్తే ఏం తల్లీ, ఎండ ముదిరేలోపు పొద్దుతిరుగుడు తోటలో దింపెయ్యాలి. వేడి పట్టిందంటే లోపల మైనం కరుగుతుంది. తేనెపట్టు విరిగి పడితే వాటి తేనెలో అవే మునిగి చస్తాయి,” అన్నాడు. ఇక్కడే నీడలో దింపెయ్యొచ్చు కదా అని ఆమె నోటిదాకా వచ్చింది, ఆ లోపలే పక్క గోడ అవతల బడి గంట కొట్టారు, పిల్లల అరుపులు ఒక్కసారిగా లేచాయి, ఇద్దరూ ఆ గోడ వైపు చూశారు, పిల్లల పక్కన ఈగల్ని దింపలేరు. వేరే బండి మాట్లాడదామంటే ఈగలనగానే దండం పెట్టి పోతున్నారట. తర్వాత ఆయన కొంచెం మొహమాటంగా, “ఇంకో మాటమ్మా. సుత్తి దెబ్బలు వద్దు, అదిరితే రేగుతాయి. నిప్పు అసలే వద్దు,” అన్నాడు. ఆమె సరేనంది. సరే అన్నాకగానీ ఏం ఒప్పుకుందో తెలియలేదు. తుప్పు పట్టిన బోల్టును ఊడదీయడానికి లోకంలో ఉన్నవి ముఖ్యంగా రెండే దారులు, కాల్చడం, కొట్టడం.

లోపల పడుకున్న ఆయనైతే ఏం చేసేవాడు. ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు, దానంతటదే వచ్చి కూర్చుంది, ఏ బండి కిందికి దూరినా ముందే వచ్చి పక్కన పడుకుంటుంది. ఆయనైతే ముందు మాట్లాడేవాడు. మనుషులతో కాదు, బోల్టుతో. రా నాయనా, ఇంకెన్నాళ్లుంటావందులో, గాలీ వెలుతురూ లేకుండా, నీకు మాత్రం విసుగెయ్యదూ, అని అదేదో అలిగి గదిలో తలుపేసుకున్న అల్లుడైనట్టు బతిమాలేవాడు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఈ మాటలు విని, బండి కింద ఇంకెవరో ఉన్నారనుకుని ఇద్దరికీ టీ తెచ్చింది, రెండో గ్లాసు ఎవరికివ్వను అంటే బోల్టుకి పోయ్ అన్నాడు. అప్పటికి ఆమెకు స్పానర్లంటే అన్నీ ఒకటే, నంబర్లు తెలియవు. కింద నుంచి చెయ్యి ఒకటి బయటికొచ్చేది, అరచెయ్యి పైకి తెరుచుకుని, ఒక నంబరు వినిపించేది, ఆమె వెతికి ఆ చేతిలో పెట్టేది, తప్పైతే చెయ్యి మూసుకునేది కాదు, అలాగే ఉండేది. తిట్టేవాడు కాదని కాదు, బాగానే తిట్టేవాడు, ఇనుముకీ చెక్కకీ తేడా తెలియని దాన్ని కట్టుకున్నానని వీధంతా వినబడేలా అనేవాడు, సాయంత్రానికి మళ్లీ అదే వీధికి వినబడేలా మా ఆవిడ చేతిలో పెడితే కళ్లు మూసుకుని బిగించేస్తా అనేవాడు. ఇప్పుడా తిట్లు కావాలనిపిస్తోంది ఆమెకు. ఎవరితోనైనా చెబితే నవ్వుతారు, తిట్టించుకోవాలని ముచ్చటేమిటి పిచ్చిమొహమా అంటారు, కానీ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే తెలుస్తుంది, తిట్టడానికైనా ఓపిక ఉన్న మనిషి ఇంట్లో తిరుగుతూ ఉంటే ఎంత ధైర్యంగా ఉంటుందో.

నూనె చుక్క ఒకటి జారి చెంప మీద పడింది. మోచేత్తో తుడుచుకుంది. పక్షవాతం కొట్టి కుడిపక్కంతా పడిపోయిన రోజు కూడా ఆయన ఇక్కడే, ఈ వాకిట్లోనే ఉన్నాడు. ఒక జీపాయన వచ్చి, బండి ఎప్పుడిస్తావయ్యా అని అడిగాడు. రేపు అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు, సామాను రాలేదనో ఏమో, మళ్లీ రేపు అనే వచ్చింది. మళ్లీ రేపు. జీపాయన వేళాకోళం అనుకుని నవ్వాడు, ఆమె కూడా లోపలి నుంచి విని నవ్వింది, తర్వాత స్పానరు కిందపడిన చప్పుడు. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. నీళ్లు కావాలన్నా రేపు, లైటు ఆర్పమన్నా రేపు, నొప్పిగా ఉందన్నా రేపు. కొందరికి ఇలాగే ఒక మాట ఇరుక్కుపోతుందమ్మా, లోపల అన్నీ ఉంటాయి, బయటికి దారి మూసుకుపోతుంది, మెల్లమెల్లగా వస్తాయి, రాకపోవచ్చు కూడా అంది డాక్టరమ్మ, ఆమె మంచిది, అబద్ధం చెప్పలేదు. బతుకంతా వచ్చినవాడికల్లా రేపు రేపు అని చెప్పిన మెకానిక్కుకు చివరికి అదే మిగిలిందని వీధిలో ఎవరో జోకు వేశారని ఆమె చెవిన పడింది. ఆమెకు కోపం రాలేదు. ఆయన బాగుండి, ఇంకెవరికో ఇలా జరిగి ఉంటే, ఆ జోకు ముందు వేసేది ఆయనే. కానీ ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. షెడ్డులో ఎవరి గొంతు వినబడినా దుప్పటి పైకి లాక్కునేవాడు. మంచం నుంచి షెడ్డుకు ఒక తలుపే అడ్డం, ఆ గడప ఇవతలికి ఆ రోజు నుంచీ అడుగు పెట్టలేదు. కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడవగలడు, నడుస్తాడు కూడా, ఈ వైపు మాత్రం రాడు.

పొద్దున టీ గ్లాసు నోటికి అందించబోయింది. అలవాటుగానే, పెదవి ఎడమవైపు ఆనించి. ఆయన ఎడంచేత్తో తోసేశాడు. టీ అంతా ఆమె చీర మీద, మంచం మీద. రేపు, రేపు, రేపు అని అరిచాడు, ఒక్కో రేపూ ఒక్కో తిట్టు, అంతకుముందు ఆయన ఎప్పుడూ తిట్టని తిట్లు, ఆ కళ్లలో చూస్తే తెలుస్తోంది. ఆమె దుప్పటి మార్చి, చీర మార్చుకుని, పైన ఆయన పాత చొక్కా తొడుక్కుని, వచ్చి షెడ్డు తలుపు తీసింది. నేనేం చేశాననీ. నేను తప్ప ఎవరున్నారనీ. చేతులు పగిలిపోయి నూనె ఎక్కి సబ్బుకు వదలని మరకలతో నాలుగిళ్లవాళ్లు ఎగాదిగా చూస్తుంటే ఎవరి కోసం దూరుతున్నాను ఈ బళ్ల కిందికి. స్పానరు బోల్టు తల మీద ఎప్పుడు పెట్టిందో, పైపు ఎప్పుడు తొడిగిందో ఆమెకు తెలియనేలేదు. నూనె ఇంకా నానాలి. ముందు కొంచెం బిగించు, తర్వాత కొంచెం వదులు చెయ్యి, మళ్లీ బిగించు, అటూ ఇటూ ఊపితేగానీ తుప్పు విడవదు, ఆ సంగతి ఆమెను నిద్రలేపి అడిగినా చెబుతుంది. అయినా ఒకే వైపు లాగింది. పాదాలు అవతలి చక్రానికి తన్నిపెట్టి, పళ్లు బిగించి, పొద్దుటి గ్లాసునీ ఆ గోడనీ ఆ దుప్పటినీ అన్నిటినీ కలిపి లాగింది. పైపు కదిలింది. కదిలిందన్న సంతోషం ఒక్క క్షణం, అది అతి మెత్తగా కదిలిందని వెంటనే తెలిసింది, టప్పుమని చప్పుడు, బోల్టు తల తెగి స్పానరుతో సహా ఆమె రొమ్ము మీద పడింది. పైన మోత ఒక్కసారిగా పెరిగింది, ఊళ్లన్నీ లేచి నిలబడినట్టు. పెద్దాయన పరుగున వచ్చి వంగాడు. “ఏమైందమ్మా?” ఆమె తెగిన తలను చూపించింది. తల లేని బోల్టు. పట్టుకోవడానికి ఏమీ లేదు. కొట్టకూడదు, కాల్చకూడదు. బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. కళ్ల వెంట నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్లు చెవుల్లోకే పోతాయి, ఇన్నాళ్లూ ఏడవలేదు కాబట్టి ఆ సంగతి తెలియలేదు.

కర్ర చప్పుడు వినిపించింది. కర్ర, తర్వాత ఈడ్చుకుంటున్న చెప్పు, మళ్లీ కర్ర. వీధి వైపు పోతున్నాడనుకుంది. చప్పుడు దగ్గరైంది. బండి కింద నుంచి ఆమెకు కనబడేది పాదాలు మాత్రమే, పెద్దాయన బురద బూట్లు, వాటి పక్కకు వచ్చి ఆగిన రెండు పాదాలు, ఒకటి తిన్నగా, ఒకటి పక్కకు ఒరిగి. బోల్టు విరిగిన చప్పుడు ఆయనకు తెలుసు. ఎంత నిద్రలో ఉన్నా తెలుస్తుంది. “రేపు?” అన్నాడు. అది అడగడం. ఏది విరిగింది, ఎక్కడ విరిగింది, నీకేమైనా తగిలిందా, అన్నీ అందులో ఉన్నాయి, ఏది ముందో ఆమెకు తెలియలేదు. “ముందు కొస బోల్టు, తల తెగింది. నాకేం కాలేదు,” అంది, గొంతు బాగానే ఉన్నట్టు పెట్టి. పెద్దాయన ఆయన భుజం పట్టుకోబోతే వద్దన్నట్టు విదిలించుకున్నాడు, కాసేపాగి మళ్లీ తనే పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, చాలా మెల్లగా, విప్పేసిన చక్రం దగ్గర నేల మీద కూర్చున్నాడు. చక్రం ఉండాల్సిన ఖాళీలోంచి ఆయన ముఖం కనబడింది. గడ్డం మాసి, ఒకవైపు జారి, కళ్లు మాత్రం కమాను మీద. ఎడంచెయ్యి లోపలికి పెట్టి, కమాను కొసనున్న గుండ్రటి కన్నుకీ చట్రం చెంపకీ మధ్య ఉన్న సన్న సందులో వేలిగోరు పెట్టి గీశాడు. ఆ పక్క సందులోనూ గీశాడు. ఆమెకు వెంటనే అర్థమైంది. బోల్టును ఊడదీయనక్కర్లేదు. అటూ ఇటూ కోసేస్తే కమాను దానంతటది కిందికి దిగుతుంది, మిగిలిన ముక్కలు చట్రంలోంచి వేళ్లతో తీసేయొచ్చు. ఇనుము కోసే హాక్సా బ్లేడు చాలు. చప్పుడుండదు, నిప్పుండదు. అయితే రంపం పిడి ఆ సందులో పట్టదు, వట్టి బ్లేడుతో ఒక్క చేత్తో కోస్తే సాయంత్రమవుతుంది. ఆయన పెద్దాయన వైపు తల తిప్పి గోడ చూపించాడు, రేపు అన్నాడు, ఆ పెద్దాయన ఏం అర్థం చేసుకున్నాడోగానీ సరిగ్గా బ్లేడే పట్టుకొచ్చాడు.

బ్లేడు రెండు కొసలకూ గుడ్డ చుట్టారు. పై కొస ఆయన ఎడంచేతిలో, కింది కొస ఆమె చేతిలో. ఆమె లాగితే ఆయన వదలాలి, ఆయన లాగితే ఆమె వదలాలి. మొదట్లో కుదరలేదు. ఇద్దరూ ఒకేసారి లాగారు, బ్లేడు వంగింది. ఇద్దరూ ఒకేసారి వదిలారు, జారి ఆమె మెడ పక్కన పడింది. ఆయన గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది, విసుగో నవ్వో, ఆమె అటు చూడలేదు, చూస్తే ఎక్కడ దుప్పటి పైకి లాక్కుంటాడో అని భయం. మళ్లీ పెట్టారు. లాగు. వదులు. తుప్పు పొడి ఎర్రగా రాలి కనురెప్పల మీద పడుతోంది, పొడి నల్లబడేసరికి ఇనుము అందిందని తెలిసింది. లాగు, వదులు. కొంతసేపటికి ఎవరు లాగుతున్నారో ఎవరు వదులుతున్నారో తెలియకుండా పోయింది. ఇన్ని నెలలుగా ఆయన్ని లేపడం, కూర్చోబెట్టడం, తిప్పడం, తుడవడం, ఆయన బరువంతా ఆమె చేతుల్లోకి రావడమే తప్ప ఆయన వైపు నుంచి ఒక లాగుడు లేదు. ఇప్పుడు బ్లేడు అవతల కొసలో బలముంది. ఆమె చెయ్యిని పైకి తీసుకుపోతోంది, తిరిగి పంపుతోంది. పొద్దున టీ ఎందుకు తోశాడో, ఎవరూ చెప్పకుండానే, ఆ రాపిడి మధ్యలో ఎక్కడో ఆమెకు తోచింది. గ్లాసు చేతికిచ్చి ఉంటే తాగేవాడేమో. ఒలకబోసుకుంటూ అయినా తాగేవాడేమో. ఎడంచెయ్యి ఒకటి ఉందన్న సంగతి డాక్టరమ్మ చెప్పింది, ఆమె విన్నది, విని కూడా తన రెండు చేతులే వాడుతూ వచ్చింది, తొందర, పని, ఒలికితే తుడవాలన్న భయం. పైన మోత మళ్లీ సన్నబడింది. పెద్దాయన బకెట్టులోంచి నీళ్లు చిలకరిస్తున్నాడు, జాలీల మీద పడి ఒక్కో చుక్క రేకు కన్నంలోంచి ఆమె నుదుటి మీదికి దిగుతోంది, చల్లగా, కొంచెం తియ్యటి వాసనతో. “ఎంతవరకొచ్చిందమ్మా?” అని పెద్దాయన అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే అవతల నుంచి “రేపు” అన్నాడు ఆయన, బాగా తాపీగా, పనివాడి గొంతుతో. పెద్దాయన బకెట్టు కింద పెట్టాడు. “అంతమాటనకు నాయనా, ఇవాళే కావాలి,” అన్నాడు దిగులుగా, ఆయనకేం తెలుసు పాపం. ఆమె నవ్వేసింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు, పొట్ట ఎగిరి చొక్కా గుండీలు రేకుకు తగులుతున్నాయి, అవతల ఆయన కూడా నవ్వుతున్నాడు, బ్లేడు వణుకుతోంది, ఆ వణుకు కొసనుంచి కొసకు వచ్చి ఆమె వేళ్లలో తెలుస్తోంది.

మొదటి పక్క తెగింది. రెండో పక్క ఇంకా గట్టి, బ్లేడు అరిగిపోతే ఇంకోటి వేశారు. బడిలో మళ్లీ గంట కొట్టేసరికి లోపల ఏదో సడలింది, కమాను కొస చిన్నగా కిందికి జారింది, కాళ్లు చాపుకున్న మనిషిలా. బోల్టు తెగిన ముక్క ఒకటి ఆమె అరచేతిలోనే రాలిపడింది, కోసినచోట మెరుస్తూ, ముట్టుకుంటే కాలుతూ. దాన్ని ఆయన వైపు దొర్లించింది. ఆయన తీసుకుని, కోసిన అంచు మీద బొటనవేలు రాసి చూసి, పక్కన పెట్టాడు. అక్కణ్నుంచి పని పరుగెత్తింది. పెద్దాయనా ఆమే కొత్త కమాను ఎత్తారు, కొత్త బోల్టుకు గ్రీజు పట్టించి ఆమె కమాను కన్నులోకి తోస్తే వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది, నట్టు ఎక్కింది. ఆఖరి బిగింపులో ఉండగా ఒక ఈగ, రేకు కన్నంలోంచే వచ్చినట్టుంది, ఆమె చెంప మీద వాలి కంటి వైపు నడవడం మొదలుపెట్టింది. ఆరు కాళ్లూ విడివిడిగా తెలుస్తున్నాయి. కదలకమ్మా, ఊదకు, దాని దారిన అదే పోతుంది అన్నాడు పెద్దాయన వంగి చూసి. ఆమె కదలలేదు. కానీ స్పానరు సగంలో ఉంది, వదిలితే జారుతుంది, ఇంకొక్క చుట్టు, ఒక్క చుట్టు అనుకుంటూ భుజం తిప్పింది. ఈగ కుట్టింది, నిప్పు పెట్టినట్టు మండింది. స్పానరు వదల్లేదు. చుట్టు పూర్తి చేసి, నట్టు బిగిసిందని రెండోసారి చూసుకుని, అప్పుడు బయటికి జరిగింది. వెలుతురు. ఒక కన్ను అప్పటికే మూసుకుపోతోంది. పెద్దాయన చక్రం ఎక్కించి జాకీ దించేస్తున్నాడు, మీ మేలు మరచిపోనమ్మా, ఎండెక్కింది, ఎండెక్కింది అని తనలో తానే అనుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, తనే ఎలా లేచాడో. ఆమె ముఖం చూసి, కర్రతో పాత టైరు వైపు చూపించాడు. కూర్చోమని. లోపలికెళ్లి కడుక్కుంటానండీ, బండి పంపించి వస్తాను అంటే మళ్లీ అదే చూపించాడు. కూర్చుంది. ఆయన కర్రను గోడకు చేర్చి, పడిపోయిన కుడిచేతిని పొట్టకు ఆనించుకుని, ఎడంచెయ్యి చాపి ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.  బొటనవేలి గోరు చెంప మీద ఆనింది, జారింది, మళ్లీ ఆనింది, తప్పు చోట గీసింది, నొప్పి పుట్టింది, ఆమె ఊపిరి బిగపట్టి చూపు ఆయన చొక్కా గుండీ మీద పెట్టుకుంది. తొందరపడలేదు ఆయన. వీధిలో వ్యాను స్టార్టయింది, ఈగల మోత బండి చప్పుడులో కలిసిపోయి మలుపు తిరిగింది, ఆమె తల తిప్పి చూడలేదు. గోరు ఇంకోసారి, ఈసారి సరిగ్గా అంచున పట్టి, పక్కకు గీరింది. ఈగ ముల్లు వచ్చేసింది. ఆయన దాన్ని గోటి మీదే పెట్టుకుని ఆమెకు చూపించాడు, నల్లగా, కంటికి ఆనీ ఆననట్టు. చూసింది. ఇక లేవొచ్చు. ఆయన ముల్లు విదిలించేసి, మళ్లీ ఆమె చెంప కింద చెయ్యి పెట్టాడు, ఇంకేమైనా మిగిలిందేమో చూస్తున్నట్టు, ఆమె అలాగే, చూడనిస్తూ, కూర్చుంది.